తూర్పు వీధి గాలి

వెంకటమ్మాళ్ ఏ వార్తనూ విన్న వెంటనే నమ్మేది కాదు. అలాగని వినకుండానూ ఉండేది కాదు. పత్తిచేలో కలుపు తీసేటప్పుడు గట్టు మీద రేడియో ఉండాలి. దాని మీద ఎండ పడకుండా తన తలగుడ్డ తీసి కప్పేది. తన నెత్తి మాడినా సరే.

ఎక్కడో ఉత్తరాన మంచుకొండలు కరుగుతున్నాయని రేడియో చెప్పేది. ఎక్కడో సముద్రం అడుగున గ్యాసు పైపు పగిలిందని, ఒక్కో దేశం ఒక్కో కారణం చెబుతోందని చెప్పేది. వెంకటమ్మాళ్ చేయి ఆపి, రేడియో వైపు తిరిగి అడిగేది.

“ఎవురు చూసిరి?”

రేడియో తరువాతి వార్తకు పోయేది. ఆమె తరువాతి సాలుకు పోయేది.

ఆ ప్రశ్నే ఆమెకు పేరైంది. రేగడపట్టి పిల్లలు ఆమెను ‘ఎవురుచూసిరి అవ్వ’ అనేవారు. తిరుమంగళం నుంచి దక్షిణంగా వచ్చి, పెద్దరోడ్డు దిగి, నల్లరేగడి చేల మధ్య కొంత దూరం నడిస్తే ఆ ఊరు. ఇళ్ళలో తెలుగు. బడిలో, బజారులో తమిళం. పూర్వం ఏదో రాజుల దండు వెంట తెలుగుదేశం నుంచి నడిచి వచ్చామని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. ఆ మాట కూడా వెంకటమ్మాళ్ సగమే నమ్మేది. అంత దూరం నడిచినవాళ్ళు ఈ నీళ్ళు లేని నేల దగ్గరే ఎందుకు ఆగారన్నది ఆమె సందేహం.

భర్త ఆండియప్ప అన్నీ నమ్మేవాడు. టీకొట్లో పేపరు చదివి, ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేవాడు.

“ఈ తడవ వానలు నిండా పడతాయంట. మద్రాసులో చెప్పినారు.”

“పోయిన తడవ కూడా వాళ్ళే చెప్పిరి.”

“అప్పుడు మబ్బు దోవ మళ్ళిందంట.”

“మళ్ళేటప్పుడు వీళ్ళను అడిగిందా?”

“నిన్ను కట్టుకొనేటప్పుడు కూడా ఎవురో చెప్పితేనే నమ్మితిని,” అనేవాడు ఆండియప్ప. “నిండా అణుకువైన పిల్ల అనిరి.”

“ఎవురు చూసిరి?” అనేది ఆమె. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆమె అనుమానం ఒక్క గవర్మెంటు మీదే కాదు. మార్గళి నెలలో సూర్యుడు ఉంగరంలా మిగిలిన పెద్ద గ్రహణం నాడు, ఊళ్ళో ఆడవాళ్ళంతా తాంబాళంలో పసుపునీళ్ళు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టారు. గ్రహణం పట్టినంతసేపే రోకలి నిలుస్తుందని, విడిచాక ఎవరు నిలబెట్టినా నిలవదని నమ్మకం. నిలిచింది. అందరూ దండం పెట్టుకున్నారు. మర్నాడు ఎండ నిలువునా కాస్తున్న వేళ వెంకటమ్మాళ్ అదే తాంబాళంలో అదే రోకలిని మళ్ళీ నిలబెట్టింది. అప్పుడూ నిలిచింది. ఆమె వీధిని పిలిచింది.

“సూర్యుడు చక్కంగా ఉండాడు. ఇదేల నిలిచింది?”

ఆండియప్ప చెల్లెలు పాప్పమ్మాళ్ కాసేపు ఆలోచించింది. “నిన్నటి గ్రహణం కొంచెం మిగిలిందేమో వదినా.”

“మిగిలేదానికి అదేమన్నా చద్దికూడా?”

ఆ తరువాత వాళ్ళ వీధిలో గ్రహణానికి రోకలి నిలబెట్టడం ఎవరూ మానలేదు. వెంకటమ్మాళ్‌ను పిలవడం మానారు.

పాప్పమ్మాళ్ కోడలు సత్యప్రియ తిరుమంగళంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. చంద్రుడి మీద మన దేశపు బండి దిగిన సాయంత్రం వీధంతా ఆ పిల్ల ఫోను చుట్టూ మూగింది. బూడిదరంగు నేల, గుంటలు, రాళ్ళు. వెంకటమ్మాళ్ వంగి చూసింది.

“ఇది మన పక్కనే యాడనో తీసినట్టుండాదే.”

“లేదు పెద్దత్తా. చంద్రుడే. ముందర మన నామక్కల్ దగ్గర కొండరాయిని పొడి చేసి, చంద్రుడి మన్ను మాదిరి నేల చేసుకొని, దాని మీద పరీక్ష చేసిరి. అంత జాగ్రత్తగా...”

సత్యప్రియ నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

“నామక్కల్ మన్నా?” అంది వెంకటమ్మాళ్. “నేను చెప్పలే?”

చాలారోజులు ఇద్దరికీ ఇదే వాదం. ఒకనాడు సత్యప్రియ కాలేజీ బస్సు దిగి వస్తూ చేను గట్టు మీద కూర్చుంది.

“నమ్మకపోయేది తప్పు కాదు పెద్దత్తా. పరీక్ష పెట్టి చూసినాక కూడా నమ్మకపోతేనే తప్పు.”

“చందురుడికి నేనెట్ల పరీక్ష పెట్టేది? పోయేటప్పుడు నన్ను పిలిచిరా?”

“రోకలికి పెట్టితివి కదా.”

“రోకలి నా ఇంట్లోది.”

వెంకటమ్మాళ్ నమ్మకానికి హద్దు అంతవరకే. సంగతి తన చేతికి అందాలి. అందనిదాన్ని ఆమె కాదనేది కాదు, ఔననేదీ కాదు. పక్కన పెట్టి ఉంచేది.

ఆమె చేతికి అందే సంగతి ఊళ్ళోకే నడిచి వచ్చింది.

రేగడపట్టి రెండు ముక్కలు. రోడ్డు వైపు పెద్ద ఊరు, బడి, పంచాయతీ హాలు. దానికి తూర్పున ఒక బీడు దాటితే వెంకటమ్మాళ్ వాళ్ళ వీధి. అందరూ దాన్ని తూర్పు వీధి అనే అంటారు. నడుమనున్న బీడులో పాత టైర్లను కాల్చి నూనె తీసే కంపెనీ వచ్చింది. ప్రహరీగోడ పొడవునా పచ్చటి ఆకుల బొమ్మలు వేశారు. గోడ వెనక పొగగొట్టం. పడమటి గాలి తిరిగితే ఆ పొగ చేరేది తూర్పు వీధికే. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గాలి పొగను పైకి లేవనివ్వదు, నేల మీదే ఈడ్చుకొస్తుంది. తెల్లవారి తలుపు తీస్తే వాకిట్లో కాలిన రబ్బరు వాసన నిలబడి ఉండేది. ఆరేసిన తెల్లపంచెల మీద మసి. తాగే నీళ్ళ బిందె మీద గుడ్డ కడితే, ఆ గుడ్డ మీద మసి.

పాప్పమ్మాళ్‌కు దగ్గు పట్టుకుంది. రోజంతా మేకల వెంట తిరిగే మనిషి, వీధి చివర దాకా పోయేసరికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడిపోయేది. ఆస్పత్రిలో వయసన్నారు.

“నేను దానికంటే పెద్దదాన్ని,” అంది వెంకటమ్మాళ్ డాక్టరుతో. “నా వయసు ఏల దగ్గలే?”

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. మాత్రలు వేసుకున్నంతసేపు పాప్పమ్మాళ్ నిద్రపోయేది. లేచి దగ్గేది.

తూర్పు వీధి ఫిర్యాదు చేసింది. మొదట వచ్చిన జవాబు, అది పొగ కాదు, మంచు. ఆడి నెలలో మంచేమిటని అడిగితే, రేగడి దుమ్ము అన్నారు. దుమ్ముకు రబ్బరు వాసన ఎక్కడిదని అడిగితే, మీ ఇళ్ళ పొయ్యిల పొగే మీకు చుట్టుకుంటోందన్నారు.

మూడో మాట వెంకటమ్మాళ్‌కు నచ్చింది. దానికి పరీక్ష పెట్టవచ్చు.

రేపు పొద్దున ఎవరూ పొయ్యి వెలిగించకూడదని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కట్టెలే కాదు, గ్యాసు కూడా. ఆండియప్ప ముఖం వాడిపోయింది.

“గ్యాసుకు పొగ యాడిది? కాపీ ఒకటి పెట్టుకొంటే ఏమి?”

“రేపు వాళ్ళు అదీ చెప్తారు. ఒక్క పొద్దు ఓర్చుకో.”

“సొతంత్రానికి జైలుకు పోయినోళ్ళకు కూడా కాపీ ఇచ్చిరి.”

“ఎవురు చూసిరి?”

ఆ ఉదయం వీధంతా రాత్రి మిగిలిన రాగికళిని నీళ్ళలో పిసుక్కుని తాగింది. ఒక్క పొయ్యీ వెలగలేదు. పొగ ఎప్పటిలాగే వచ్చి వాకిళ్ళలో నిలబడింది. సత్యప్రియ దాన్ని ఫోనులో తీసి జిల్లా ఆఫీసుకు పంపింది. అక్కడి నుంచి అంకెలు వచ్చాయి. ఊళ్ళో బడి మీద గాలిని కొలిచే మిషను పెట్టి ఉందని, అది చూపించే అంకెల ప్రకారం రేగడపట్టి గాలి శుభ్రమని.

వెంకటమ్మాళ్ ఆ జవాబును చదివించుకుని వింది.

“బడి యాడుండాది?”

“పడమటి పక్క.”

“పొగ యాడికి పోతాది?”

“మన పక్క.”

“మనిషి వీపు వెనక నిలుచుకొని, మొగాన కురుపు లేదంటే ఎట్ల సత్యా?”

సత్యప్రియకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. లోపల అత్త దగ్గుతోంది. “అదే రాస్తాను పెద్దత్తా,” అంది. రాసింది. మళ్ళీ రాసింది. చివరికి పంచాయతీ హాలులో మీటింగు పెట్టారు.

జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. తల దువ్వుకుని, చొక్కా నలగకుండా ఉన్న మనిషి. మర్యాదగా మాట్లాడాడు. కంపెనీ మేనేజరు పక్క కుర్చీలో కూర్చున్నాడు. బృంద అనే ఒక అమ్మాయి గోడ మీద ఊరి పటం వెలుగులో పడేటట్టు చేసింది. అంతకుముందు వేసవిలో ఊరంతా తిరిగి సర్వే చేసింది ఆ అమ్మాయే. పటంలో ఊరు పసుపు రంగు, కంపెనీ నీలం. తూర్పు వీధి బూడిదరంగు.

“ఈ రంగేమిటి?” అని సత్యప్రియ అడిగింది.

“అక్కడ జనం లేరమ్మా,” అన్నాడు ఆఫీసరు తమిళంలో. “జనం లేనిచోట మిషను పెట్టే పద్ధతి లేదు. అందుకే బడి మీద పెట్టాం. ఇది మేము ఊహించి రాసింది కాదు. మీ ఊరివాళ్ళే చెప్పారు. తూర్పు వీధి గాలి అని.”

తమిళంలో ఖాళీ అనే మాటను రాసేటప్పుడు ‘కాలి’ అని రాస్తారు. పలికేటప్పుడు గాలి అంటారు. హాల్లోని తెలుగు చెవులు ఆ మాటను తమ ఇంటి మాటగా విన్నాయి. తూర్పు వీధి గాలి. వెనక నుంచి ఎవరో అన్నారు.

“ఆ గాలే కదయ్యా మా చావు.”

జనం నవ్వారు. ఆఫీసరుకు ఆ నవ్వు అర్థం కాలేదు. వెంకటమ్మాళ్ మాత్రం నవ్వలేదు. ఆమెకు వేసవి మొదట్లోని పంగుని నెల గుర్తుకొచ్చింది.

పత్తి తీసే కాలం. వీధి వీధంతా చేలకు పోయింది. ఇళ్ళకు తాళాలు. దగ్గు ఎక్కువై పాప్పమ్మాళ్ చేనికి పోలేదు. వీధి మొదట్లో, మేకల దొడ్డి దగ్గర, వెంకటమ్మాళ్ ఆమె వీపు నిమురుతూ ఉంది. బైకు మీద ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వచ్చారు. దిగలేదు. వీధి వైపు చేయి చూపించి, ఆ పక్క ఎలా ఉందని తమిళంలో అడిగారు. అప్పటిదాకా ఆడబిడ్డతో తెలుగులో మాట్లాడుతున్న నోరు. “అంగే గాలి” అంది. అంగే తమిళం, గాలి తెలుగు. అక్కడ గాలి బాగాలేదని చెప్పబోయింది. గాలి అన్న మాట దగ్గరే పాప్పమ్మాళ్‌కు దగ్గు తెర వచ్చింది. వెంకటమ్మాళ్ అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి బైకు లేదు. ఎండలో తాళాలు మెరుస్తున్నాయి.

అరవై ఏళ్ళు ఊరివాళ్ళ మాటను, దేశాల మాటను, ఆకాశం మాటను అనుమానించిన మనిషి. ఆమె నోటి మాటే గవర్మెంటు మాటై, గోడ మీద బూడిదరంగులో వెలుగుతోంది. ఆమెకు సిగ్గు వేయలేదు. కోపం వచ్చింది. లేచి నిలబడింది.

“ఎవరు చెప్పారు తంబీ, మా వీధి ఖాళీ అని?” తమిళంలోనే అడిగింది.

ఆఫీసరు బృంద వైపు చూశాడు. బృంద చేతిలో టాబ్ చూసుకుంది. “ఒక పెద్దామె సార్. మేకల దొడ్డి దగ్గర.”

“ఆ పెద్దామె నేనే. నేను చెప్పింది మా గాలి. మీరు పీల్చే కాత్తు. మా ఇంట్లో దాన్ని గాలి అంటాం. పుట్టినప్పటి నుంచీ అంటున్నాం.”

ఆఫీసరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తన ఫోను వైపు చూసుకున్నాడు.

“పొరపాటు జరిగి ఉండవచ్చమ్మా,” అన్నాడు ఆఫీసరు. “అయితే రికార్డులో ఉన్నది ఉంది. మళ్ళీ సర్వే వచ్చే ఏడాది. అప్పుడు సరిచేయిస్తాం.”

“అప్పటిదాకా మేము లేమా?”

“అలా కాదు. రికార్డు ప్రకారం...”

“సరి. లేకపోతే లేము.” వెంకటమ్మాళ్ వెనక్కి తిరిగింది. ఈసారి తెలుగులో అంది. “తూర్పు వీధోళ్ళంతా నిలుచుకోండి. లేనోళ్ళు ఎంతమందో అయ్య చూడనీ.”

ఆండియప్ప ఆమె కొంగు పట్టి లాగాడు. “కూర్చోవే. ఆఫీసరుతో ఏమి ఆట?”

“నువ్వు లేవు,” అంది ఆమె.

లేవమందో, నువ్వూ లేనివాడివే అందో ఆండియప్పకు తెలియలేదు. లేచాడు. పాప్పమ్మాళ్ కోడలి భుజం పట్టుకుని లేచింది. తరువాత కుర్చీలు వరసగా జరిగాయి. హాల్లో సగం మంది నిలబడ్డారు. కూర్చున్న సగం మంది ఫోన్లు పైకెత్తి వాళ్ళను తీస్తున్నారు. పాప్పమ్మాళ్ దగ్గు ఒక్కటే వినిపించింది. ఆమె ఆపుకోవాలని చూడలేదు.

“లేనోళ్ళకు దగ్గు ఎట్ల వస్తాదో అడుగు వదినా,” అంది, ఊపిరి తీసుకుని.

ముందుగా తల దించుకున్నది బృంద. “సార్, దీనికి వచ్చే ఏడాది దాకా ఆగక్కరలేదు. ఇక్కడే మార్చవచ్చు.”

ఆఫీసరు ఆమెను చూసిన చూపు బాగాలేదు. అయినా ఫోన్లు ఇంకా పైకే ఉన్నాయి. “మార్చు,” అన్నాడు. పటంలో తూర్పు వీధి పసుపు రంగుకు తిరిగింది. మిషను కూడా అటు మారుస్తామని చెప్పి, నీళ్ళు తాగాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆండియప్ప సంతోషంగా ఉన్నాడు. “గెలిస్తిమి కదే. ఇంగ మిషను చూసుకొంటాది.”

వెంకటమ్మాళ్ పొగగొట్టం వైపు చూస్తూ నడిచింది.

మిషను వచ్చింది. వీధి మధ్యలో స్తంభం నాటి, పైన తెల్లటి పెట్టె బిగించారు. కింద చిన్న బోర్డు మీద అంకె, దాని చుట్టూ రంగు. పచ్చ అయితే మంచి గాలి. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే చెడ్డ గాలి. బిగించినవాళ్ళు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని చెప్పి, వ్యాను ఎక్కి వెళ్ళిపోయారు. బోర్డు మీద నలభై రెండు. పచ్చ.

మర్నాడు తెల్లవారుజామున పొగ వచ్చింది. వీధివాళ్ళంతా ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని స్తంభం కిందికి చేరారు. నలభై రెండు. పచ్చ. ఎండెక్కి పొగ విడిచాక చూశారు. నలభై రెండు. ఆ మర్నాడూ అదే.

“మిషను తప్పు చెప్పదు కదా,” అన్నాడు ఆండియప్ప, అంత గట్టిగా కాదు. “మనమే అలవాటు పడి లేని వాసన పట్టుకొంటామేమో.”

సత్యప్రియ ఆలోచిస్తోంది. “కొన్ని మిషన్లు రోజంతా కొలిచి సరాసరి చెప్తాయి పెద్దత్తా. ఒక గంట పొగకు అంకె ఎక్కువ మారదు. అబద్ధమనేదానికి లేదు.”

“నిజమనేదానికి ఉండాదా?”

“అదీ తెలియదు.”

“ఇంత పొగకు కొంచెమన్నా కదలాల్నా, కూడదా?”

“కదలాల,” అంది సత్యప్రియ.

వెంకటమ్మాళ్ ఇంటి వెనక్కి పోయి, పాత సైకిలు టైరు ముక్క ఒకటి పట్టుకొచ్చింది. స్తంభం పక్కన బల్ల వేయించి, దాని మీద పగిలిన పెంకు పెట్టి, అందులో టైరు ముక్కను అంటించింది. నల్లటి పొగ సన్నగా లేచి, లావై, తెల్లపెట్టెను పూర్తిగా కప్పేసింది. దగ్గర నిలబడినవాళ్ళు వెనక్కి పోయారు. పొగ తెర తొలిగినప్పుడల్లా బోర్డు కనిపించింది.

నలభై రెండు. పచ్చ.

కళ్ళు తుడుచుకుంటూ వెంకటమ్మాళ్ ఆ అంకె వైపు చూసింది. ఆమె ముఖంలో సంతోషం లాంటిది కనిపించింది. చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్నకు ఎవరో ఒకరు ఎదురు నిలబడి జవాబు చెప్పినట్టు.

సత్యప్రియ బల్ల ఎక్కింది. పెట్టె కింద వేలెడు లావు గొట్టం ఒకటి ఉంది. గాలి లోపలికి పోవలసిన దారి అది. దాని మూతికి ఎర్రటి ప్లాస్టిక్ మూత బిగించి ఉంది. కొత్త మిషను లోపలికి దుమ్ము పోకుండా దాన్ని తయారుచేసేవాళ్ళు బిగించి పంపే మూత. పెట్టేటప్పుడు తీసేయాలి.

“మరిచినట్టుండారు,” అంది సత్యప్రియ.

“మరిచిరా? ఎవురు చూసిరి?”

“అది మనకు ఎప్పటికీ తెలియదు పెద్దత్తా.”

“సరి. తీయి.”

సత్యప్రియ చేయి ముందుకు పోలేదు. “ముట్టుకోకూడదనిరి. గవర్మెంటు మిషను. కేసు పెడితే నా కాలేజీ పని పోతుంది.”

అది నిజం. వెంకటమ్మాళ్ కాదనలేదు. “అట్లయితే నువ్వు దిగు. నేను తీస్తాను. నువ్వు ఫోనులో తీయి. నా మొగం బాగా పడేట్టు తీయి.”

“ఈ వయసులో బల్ల ఎక్కేదానికి నీకేమన్నా పిచ్చా?” అన్నాడు ఆండియప్ప. అంటూనే బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. బల్ల కదలకుండా ఉంది.

వెంకటమ్మాళ్ ఎక్కింది. ఫోను వైపు తిరిగి తన పేరు, భర్త పేరు, వీధి పేరు తమిళంలో చెప్పింది. తరువాత మూతను తిప్పి లాగింది. పెంకులో టైరు ఇంకా కాలుతోంది. పెట్టె లోపల ఏదో చిన్న చప్పుడుతో తిరగడం మొదలైంది. అంకె కదిలింది. పచ్చ పోయి పసుపు వచ్చింది. పసుపు పోయి ఎరుపు వచ్చింది. వీధివాళ్ళు పెంకు తీసేసి, నీళ్ళు పోసి ఆర్పారు. కాసేపటికి అంకె మెల్లగా దిగి, పచ్చ దగ్గర నిలిచింది.

“ఇప్పుడు నమ్ముతాను,” అంది వెంకటమ్మాళ్. “ఇది చూస్తాది.”

మర్నాడు తెల్లవారింది. ఎవరూ పిలవకుండానే అందరూ స్తంభం చుట్టూ చేరారు. ఎవరూ ఏమీ వెలిగించలేదు. బీడులో కంపెనీ గొట్టం పొగ విడిచింది. ఆడి గాలి దాన్ని నేల మీద ఈడ్చుకొచ్చింది. మొదట మేకలు తుమ్మాయి. పాప్పమ్మాళ్‌కు దగ్గు వచ్చింది. బోర్డు మీద అంకె లేచింది, పసుపు దాటింది, ఎరుపులో పడింది. అక్కడా ఆగలేదు.

పాప్పమ్మాళ్ కొంగుతో నోరు తుడుచుకుని బోర్డు చూసింది.

“వదినా, నా దగ్గుకు సాక్షి దొరికింది.”

సత్యప్రియ ఆఫీసరుకు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. వెంకటమ్మాళ్ ఎత్తేదాకా చేయమంది. చివరికి ఎత్తాడు. సత్యప్రియ స్పీకరులో పెట్టింది. ఆయనకు అప్పటికే అన్నీ తెలుసు. వీడియో ఆయన దాకా చేరింది.

“అధికారం లేనివాళ్ళు మిషనును ముట్టుకున్నారు,” అన్నాడు. “కాబట్టి ఈ అంకెలు చెల్లవు. మీ మీద చర్య కూడా తీసుకోవచ్చు.”

వెంకటమ్మాళ్ ఫోను తన చేతిలోకి తీసుకుంది.

“ముట్టుకున్నది నేను. నా పేరు అందులోనే చెప్పాను. చర్య నా మీదే తీసుకో తంబీ, ఆ పిల్లను కలపొద్దు. ఒక్కటి చెప్పు. మూత ఉన్నప్పటి అంకె చెల్లిందా?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

“మూత లేకపోవడమే తప్పంటే సరి. మూత నా దగ్గరే ఉంది. పారేయలేదు. నువ్వు వచ్చి మళ్ళీ మూసిపో. ఇంకొకరిని పంపొద్దు. నువ్వే రావాలి. నీ చేత్తో, మా అందరి ముందర, ఆ ఎర్ర అంకె చూస్తూ మూయాలి. బల్ల వేసి ఉంచుతాం.”

ఫోను ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలియదు.

ఆ రోజు తూర్పు వీధి పనికి పోలేదు. ఆండియప్ప బల్లను స్తంభం కిందికి జరిపి, దుమ్ము తుడిచి పెట్టాడు. ఆడవాళ్ళు అరుగుల మీద, మగవాళ్ళు వేపచెట్టు మొదట్లో కూర్చున్నారు. వెంకటమ్మాళ్ మూతను అరచేతిలో పెట్టుకుని, రోడ్డు కనిపించే వైపు తిరిగి కూర్చుంది. పొద్దెక్కింది. పొద్దు వాలింది. మూయడానికి ఎవరూ రాలేదు.